దేవరకొండ రోడ్డు ఇంట్లో ఏసీ డక్టుల శుద్ధి: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 23, 2025, ఆదివారం

చలికాలమంతా ఆపి ఉంచిన డక్టు ఏసీని, అంటే గాలి గొట్టాల ద్వారా ఇల్లంతా చల్లబరిచేదాన్ని, ఈ ఏడాదికి మొదటిసారిగా ఈ మధ్యాహ్నం వేశాం. ఐదు నిమిషాలు తిరగక ముందే హాలంతా మక్కిన తడిగుడ్డ వాసన నిండింది. పావుగంటకు అమ్మకు దగ్గు మొదలైంది. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చుకొని, వరండాలోకి వెళ్లి కూర్చున్నది. ఆమెకు ఇరవై ఏళ్లుగా దమ్ము (ఉబ్బసం) ఉన్నది. నిరుడు వేసవిలో ఇదే జరిగినప్పుడు పొలాల పొగ అనుకున్నాం, చెట్ల పుప్పొడి అనుకున్నాం, చివరికి వయసు అనుకొని ఊరుకున్నాం. ఈసారి పొలాల్లో యాసంగి వరి ఇంకా పచ్చగా ఉండగానే, ఏసీ వేసిన పావుగంటకే దగ్గు వచ్చింది కాబట్టి ఆ సమాధానాలేవీ ఇక చెల్లవు.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న ఈ ఇంటిని 2018లో కట్టించాం. అమెరికాలో ఉంటున్న తమ్ముడి మాట మీద గదికొక స్ప్లిట్ ఏసీ కాకుండా, ఇల్లంతటికీ కలిపి ఐదున్నర టన్నుల డక్టబుల్ యూనిట్ ఒకటి పెట్టించాం. లోపలి యూనిట్ నడవలోని బాత్రూం మీది అటకలో ఉంటుంది. దాని నుంచి జింకు పూత పూసిన రేకు డక్టు ఫాల్స్ సీలింగ్ పైనుంచి హాలుకూ మూడు పడకగదులకూ వెళ్లి, తొమ్మిది గ్రిల్స్ ద్వారా చల్లగాలిని వదులుతుంది. గాలి తిరిగి యూనిట్‌కు వెళ్లడానికి మాత్రం డక్టు వేయలేదు. వంటింటి తలుపు పక్కన సీలింగ్‌కు ఒక పెద్ద గ్రిల్ పెట్టి, అక్కడి నుంచి ఫాల్స్ సీలింగ్ మీది ఖాళీ గుండా గాలి యూనిట్‌ను చేరుకునేలా వదిలేశారు. ఏడేళ్లుగా ఈ సంగతి నాకు తెలుసు, కానీ అది ఎంత ముఖ్యమైనదో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పినవాడిని. ఎవరినో పిలిచి మందు కొట్టించి మరిచిపోవడం కాకుండా, ఈ గాలిలోకి ఏది ఎక్కడి నుంచి వస్తున్నదో ముందుగా కొలిచి, ఆ తర్వాతే పని చేయించి, చేసిన ప్రతి పనికీ ఫలితం ఎంతో ఈ పుస్తకంలో రాసుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఈ రోజు మహాశివరాత్రి. అమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లతో వరండాలో భజన చేస్తూ జాగరణ ఉన్నది. ఇంట్లో నేను మీటర్లతో మేలుకున్నాను. నా దగ్గర ఉన్నవి మూడు పరికరాలు: లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి సన్నని ధూళిని లెక్కించే చిన్న మీటరు, కార్బన్ డయాక్సైడ్ మీటరు, పాత సహోద్యోగి దగ్గర అరువు తెచ్చిన, గాలి వేగాన్ని కొలిచే అనిమోమీటర్. ధూళి మీటరు తేమ బాగా పెరిగినప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది కాబట్టి, అంకెను అంకెగా నమ్మకుండా, ఒకే చోట ఒకే రాత్రి తీసిన అంకెలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే దాన్ని వాడుకుంటున్నాను. అగరుబత్తుల పొగ లెక్కను చెడగొట్టకుండా పూజగది తలుపు మూసి ఉంచాం.

రాత్రి తొమ్మిది గంటలకు ఏసీ ఆపి, కిటికీలు మూసి ఉన్నప్పుడు హాలులో పీఎం 2.5 ధూళి (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని కణాలు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఘనపు మీటరుకు 44 మైక్రోగ్రాములు ఉన్నది. పదింటికి ఏసీ వేస్తే పన్నెండు నిమిషాల్లో 97కు చేరి, గంట తర్వాత 58కి దిగింది. మూడు గంటలు ఆపి మళ్లీ వేస్తే మళ్లీ పైకి లేచి 71 దగ్గర ఆగింది. అంటే ఏసీ నడుస్తున్నంతసేపూ ఒకే తీరుగా ధూళి రావడం లేదు. ఫ్యాన్ మొదలైనప్పుడు ఎక్కడో పేరుకున్నది కదిలి వస్తున్నది. 2009లో మన దేశం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఇరవై నాలుగు గంటల సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం ఇంకా కఠినమైనది, అది 15 మాత్రమే. ఆ రెండూ ఆరుబయటి గాలికి రోజంతటి సగటులు, నావి ఇంట్లో నిమిషాల లెక్కలు; అయినా ఎక్కడ నిలబడి ఉన్నామో తెలుసుకోవడానికి పనికివస్తాయి.

బయటి గాలి కూడా మచ్చలేనిదేమీ కాదు. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, ప్రమాణాలను అందుకోలేని పట్టణాలుగా తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డితో పాటు మన నల్లగొండ పేరు కూడా ఉన్నది. నీళ్లలో కంటికి కనబడని ఫ్లోరైడు ఈ జిల్లాలో ఎందరి ఎముకలను వంచిందో చూస్తూ పెరిగిన తరం మాది. నీటిలో ఫ్లోరైడును తగ్గించే పటిక, సున్నం పద్ధతికి ఈ ఊరి పేరే పెట్టారు. నీళ్లను పరీక్ష చేయించకుండా తాగకూడదని నేర్చుకున్న మేము, పీల్చే గాలిని ఇన్నేళ్లు పరీక్షించుకోకపోవడం నన్ను బాధపెట్టింది.

మనవరాళ్లు ఇద్దరూ పడుకున్న గదిలో తెల్లవారుజామున ఐదింటికి కార్బన్ డయాక్సైడ్ 1,550 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 1,550 భాగాలు) చూపింది. బయట అది 430 ఉన్నది. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరచడం తప్ప ఈ ఏర్పాటులోకి బయటి గాలి వచ్చే దారే లేదు. ఇది డక్టు శుద్ధితో తీరే సమస్య కాదని విడిగా రాసుకుంటున్నాను.

మార్చి 2, ఆదివారం

ఈ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా నిచ్చెన మీదనే గడిపాను.

మొదట ఫిల్టర్ విప్పాను. అది నైలాన్ జాలీ. నెలనెలా కడిగిస్తున్నాం కాబట్టి శుభ్రంగానే ఉన్నది, కానీ కిటికీకి అడ్డంగా పట్టి చూస్తే అవతలి వేపచెట్టు ఆకులు లెక్కపెట్టవచ్చు. అది నూలుపోగులనూ వెంట్రుకలనూ ఆపుతుంది, అంతకన్నా సన్ననిది దేన్నీ ఆపదు. ఫిల్టర్ కడుగుతున్నాం కదా అన్న మా నిశ్చింతకు ఆధారం అదొక్కటే.

తర్వాత సన్నని తీగ చివర కెమెరా ఉన్న పరికరాన్ని ఒక్కొక్క గ్రిల్ నుంచి లోపలికి పంపి చూశాను. డక్టు అడుగున వేలి మందాన తెల్లని పొడి పరుచుకొని ఉన్నది. అది వీధి దుమ్ము కాదు, లప్పం పొడి. 2018లో గోడలకు లప్పం రుద్దుతున్నప్పుడు, ఎండకు తాళలేక మేస్త్రీలే ఏసీ వేసుకొని పని చేశారు. గ్రిల్స్‌కు ప్లాస్టిక్ కప్పమని చెప్పినవారు లేరు, ఆ మాట నాకూ తోచలేదు. ఆ పొడి మీద గోధుమరంగు పొర మరొకటి ఉన్నది, యూనిట్‌కు దగ్గరవుతున్న కొద్దీ అది జిడ్డుగా ఉన్నది. వంటింటి పక్క గ్రిల్ నుంచి పోపు పొగ, జొన్నరొట్టెల పిండి, నూనె ఆవిరి ఏడేళ్లుగా ఈ దారినే వెళ్లాయి.

యూనిట్ నుంచి గాలి బయటికి వచ్చే మొదటి నాలుగడుగుల డక్టుకు, చప్పుడు తగ్గడానికి లోపలి వైపున గాజునూలు అతికించారు. దాని నల్లని పైపొర రెండు చోట్ల చిరిగి, కింది అంచు తడిసి, బూజు చుక్కలు పట్టి ఉన్నది. రేకును తుడిస్తే పోతుంది కానీ, తడిసి బూజు పట్టిన గాజునూలును శుభ్రం చేయడం సాధ్యం కాదు. తీసివేసి కొత్తది వేయడమే దానికి మందు.

గాలిని చల్లబరిచే కాయిల్ ముఖంలో దాదాపు సగం బూడిదరంగు దుప్పటి కప్పినట్టు మూసుకుపోయింది. దాని కింది డ్రెయిన్ ట్రేలో, ఏసీ ఆపి మూడు రోజులైనా, అర అంగుళం నీళ్లు జిగురుగా నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లు పోయే గొట్టం ఎక్కడికి వెళ్తుందో వెతికితే, మధ్యలో యూ ఆకారపు మలుపు ఏదీ లేకుండా నేరుగా బాత్రూం మురుగు గొట్టంలో కలిపి ఉన్నది. ఈ యూనిట్‌లో ఫ్యాన్ కాయిల్‌కు తర్వాత ఉంటుంది కాబట్టి, కాయిల్ ఉన్న గదిలో గాలి ఒత్తిడి ఎప్పుడూ బయటికన్నా తక్కువగా ఉంటుంది. గొట్టంలో నీటి అడ్డు లేనప్పుడు ట్రేలోని నీళ్లు కిందికి పోవడానికి బదులు, మురుగు గొట్టంలోని గాలే పైకి పీల్చుకోబడుతుంది. ఆ తడిగుడ్డ వాసన ఎక్కడిదో అక్కడే తెలిసింది.

చివరగా అగరుబత్తి పరీక్ష చేశాను. ఏసీ వేసి, వెలిగించిన అగరుబత్తిని సీలింగ్‌లోని లైట్ల చుట్టూ ఉన్న సందుల దగ్గర పెడితే, పొగ పక్కకు చెదరకుండా నిలువునా పైకి వెళ్లిపోయింది. అంటే యూనిట్ గ్రిల్ నుంచి మాత్రమే కాకుండా, ఫాల్స్ సీలింగ్ మీది ఖాళీ మొత్తం నుంచీ గాలిని లాక్కుంటున్నది. కెమెరాతో ఆ ఖాళీని చూస్తే సిమెంటు బస్తా ముక్కలు, తీగల తొడుగులు, ఇటుక పొడి, ఎలుక పెంటికలు ఉన్నాయి. డక్టులను అద్దంలా తుడిపించినా, గాలి ఈ చెత్త మీదుగా వెళ్లినంత కాలం ఏడాదిలో మళ్లీ మొదటికే వస్తాం.

మార్చి 5, బుధవారం

డక్టు శుద్ధి చేసేవారు నల్లగొండలో దొరకలేదు, హైదరాబాద్ నుంచే రావాలి. ఫోనులో ముగ్గురితో మాట్లాడాను.

మొదటి సంస్థ వారు రెండు గంటల్లో, 6,500 రూపాయలకు పని ముగిస్తామన్నారు. గ్రిల్స్ నుంచి క్రిమిసంహారక పొగమంచు వదులుతారట, 99.9 శాతం క్రిములు చస్తాయట. మరి దుమ్ము సంగతేమిటని అడిగితే, దుమ్ము లోపలే అతుక్కొని ఉండిపోతుందని, దానితో ఇబ్బంది లేదని చెప్పారు. దుమ్ము పొర మీద పడిన మందు ఆ పొరను మాత్రమే తడుపుతుంది, కింద ఉన్న రేకును చేరదు. పైగా పొడిగా ఉన్నదానికి తడి తోడవుతుంది. అదే మనిషి, పని చేయించుకోకపోతే లెజియోనెల్లా జ్వరం వస్తుందని భయపెట్టారు. 1976లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక సమావేశానికి వచ్చినవారికి ప్రాణాంతకంగా పరిణమించిన ఆ బ్యాక్టీరియా నీటిలో పెరుగుతుంది, పెద్ద భవనాల కూలింగ్ టవర్ల వంటి చోట్ల బలం పుంజుకుంటుంది. మా యూనిట్‌కు కూలింగ్ టవర్ లేదు. ఉన్న ప్రమాదాన్ని చెప్పవచ్చు, లేనిదాన్ని చెప్పి దమ్ము ఉన్న ముసలామె ఇంట్లో సొమ్ము అడగడం నాకు చాలా తప్పుగా తోచింది.

రెండో సంస్థ వారు పని వివరం కాగితం మీద ఇవ్వడానికి ఒప్పుకోలేదు. మూడో సంస్థ సూపర్‌వైజర్ యువకుడే అయినా నా ప్రశ్నలన్నీ ఓపికగా విన్నాడు. డక్టును లోపలి నుంచి పీల్చే యంత్రానికి అతి సన్నని ధూళిని కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదా, పీల్చిన గాలిని ఇంట్లో వదులుతారా బయట వదులుతారా, రేకుకు కోసిన కంతలను దేనితో మూస్తారు, ముందూ వెనకా వీడియో ఇస్తారా, కాయిల్‌నూ ట్రేనూ కూడా చేస్తారా అని అడిగాను. అన్నింటికీ సూటిగా జవాబులు వచ్చాయి. రెండు రోజుల పని, నలుగురు మనుషులు, 38,000 రూపాయలు. అతనే ఇంకో మాట అన్నాడు: “సార్, డక్టు ఒక్కటే క్లీన్ చేస్తే అమ్మగారి దగ్గు పోతదని నేను మాట ఇవ్వలేను.” ఆ మాట విన్నాకనే బయానా పంపాను. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ కూడా దాదాపు ఇదే చెప్తుంది: డక్టులు శుభ్రం చేయిస్తే ఆరోగ్య సమస్యలు రాకుండా ఆగుతాయని ఇంతవరకు రుజువు కాలేదని, బూజు కనబడినప్పుడు, ఎలుకలూ పురుగులూ చేరినప్పుడు, గ్రిల్స్ నుంచి దుమ్ము గదుల్లోకి పడేంతగా డక్టులు మూసుకుపోయినప్పుడు మాత్రం చేయించుకోవాలని. మా ఇంట్లో ఆ మూడింటికీ ఆనవాళ్లు ఉన్నాయి.

మార్చి 13, గురువారం

అమ్మను, మనవరాళ్లను హాలియాలోని చెల్లె ఇంటికి పంపాను. పని జరుగుతున్నప్పుడు ఎంత జాగ్రత్త పడినా కొంత ధూళి లేవక మానదు.

మార్చి 15, 16, శని, ఆదివారాలు

హోలీ మరునాడు ఉదయం ఏడున్నరకు వ్యాను వచ్చింది. మొదటి రెండు గంటలు ఒక్క డక్టునూ ముట్టుకోలేదు. సోఫాలు, మంచాలు, టీవీ, పుస్తకాల బీరువా అన్నీ ప్లాస్టిక్ షీట్లతో కప్పి, తొమ్మిది గ్రిల్స్‌నూ విప్పి, ఆ నోళ్లకు అంటుకునే ఫిల్ము అతికించారు. ఆ రెండు గంటలు వృథా అని మొదట అనిపించింది కానీ, మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉన్నదని మధ్యాహ్నానికి అర్థమైంది.

పద్ధతి వినడానికి సులువైనదే. యూనిట్‌ను డక్టు నుంచి వేరుచేసి, డక్టు మొదట్లో పెద్ద పీల్పు యంత్రాన్ని బిగిస్తారు. అన్ని నోళ్లూ మూసి ఉన్నాయి కాబట్టి డక్టు అంతటా గాలి ఒత్తిడి తగ్గి, ఎక్కడ కదిపినా దుమ్ము గదిలోకి రాకుండా యంత్రం వైపే పోతుంది. అప్పుడు అన్నింటికన్నా దూరంగా ఉన్న గ్రిల్ ఒక్కదాన్ని తెరిచి, గిర్రున తిరిగే నైలాన్ బ్రష్షును లోపలికి పంపి, దాని వెనుకనే కంప్రెసర్ గాలిని వెనక్కి చిమ్మే చిన్న ముక్కును పంపి, దుమ్మును యంత్రం వైపు తోలుకుంటూ వస్తారు. ఆ గ్రిల్ మూసి తర్వాతిది తెరుస్తారు. యంత్రం నుంచి బయటికి వచ్చే గాలి 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపగల హెపా ఫిల్టర్ గుండా, లావుపాటి గొట్టంలో బాల్కనీ అవతలికి వెళ్తుంది. నా మీటరును ఆ గొట్టం చివర పెట్టి చూశాను, 6 చూపింది. హాలులో అప్పుడు 51 ఉన్నది. ఆ యంత్రం మీద నమ్మకం అప్పుడు కుదిరింది.

పొడవైన నేరు డక్టులో బ్రష్షు చేరని చోట్ల రేకుకు అడుగు చదరపు కంతలు నాలుగు కోశారు. కోసిన రేకు అంచుకు రబ్బరు పట్టీ వేసి, కొంచెం పెద్ద రేకు మూతను స్క్రూలతో బిగించి, చుట్టూ సీలెంట్ పూసి మూశారు. రేపు మళ్లీ చూడాలంటే అదే మూత విప్పుకోవచ్చు. రేకు అతుకుల దగ్గర గాలి కారుతున్న చోట్ల కూడా అదే సీలెంట్ పూయించాను. వేడికీ కాలానికీ ఎండి ఊడిపోయే గుడ్డ టేపును ఎక్కడా వాడవద్దని ముందే చెప్పాను.

అనువైన ముడతల డక్టులతోనే చిక్కు వచ్చింది. రేకు డక్టు నుంచి గ్రిల్స్‌కు వెళ్లే ఆ మెత్తని గొట్టాల్లో ఒకదాంట్లో బ్రష్షు లోపలి పొరను పట్టుకొని చించింది. ఆ ముక్కను వెంటనే తీసి కొత్తది వేశారు, డబ్బు అడగలేదు. మిగిలిన వాటిలో బ్రష్షు పెట్టకుండా గాలితోనే ఊదించాం. అందువల్ల వెనుక పడకగది గొట్టంలో సన్నని పొర ఇంకా మిగిలి ఉన్నది. ఆ వీడియోను ఆ కుర్రాడే దాచకుండా చూపించాడు.

రెండు రోజులకు యంత్రం సంచిలో చేరిన చెత్తను తూకం వేస్తే 4 కిలోల 300 గ్రాములు ఉన్నది. ఎక్కువ భాగం లప్పం పొడి. డక్టు శుద్ధి చేసేవారి అమెరికా సంఘం నాడ్కా ప్రమాణం ప్రకారం, శుభ్రం చేసిన రేకు మీద వంద చదరపు సెంటీమీటర్లకు 0.75 మిల్లీగ్రాముకు మించి ధూళి మిగలకూడదు. అంత సన్నగా తూచే సాధనం మా దగ్గర లేదు కాబట్టి, నాలుగు మూతల దగ్గరా తెల్లని దస్తీతో రుద్ది చూశాను. మూడు చోట్ల దస్తీ తెల్లగానే ఉన్నది, నాలుగో చోట మళ్లీ చేయించాను.

ఆదివారం సాయంత్రం శానిటైజింగ్ ప్రస్తావన వచ్చింది. వారి ప్యాకేజీలో క్వాటర్నరీ అమోనియం అనే క్రిమిసంహారక మందును డక్టులన్నింటిలో పొగమంచులా వదలడం కూడా ఉన్నది. నేను వద్దన్నాను. ఆ జాతి మందులు దమ్ము ఉన్నవారికి ఉబ్బసాన్ని రేపగలవు. పొడిగా, నునుపుగా, శుభ్రంగా ఉన్న రేకు మీద బూజుకు తినడానికి తిండీ లేదు, తాగడానికి తడీ లేదు. అమ్మ పీల్చే గాలి నడిచే దారి పొడవునా మందు పూతను మిగల్చడానికి కారణం నాకు కనబడలేదు. తడి ఉండే చోటు ఒక్కటే, కాయిల్ చుట్టుపక్కల. అక్కడ మాత్రం చేయిద్దామన్నాను. సూపర్‌వైజర్ కొంచెం ఆలోచించి ఒప్పుకున్నాడు, బిల్లులో ఆ మేరకు తగ్గించాడు కూడా.

మార్చి 17, సోమవారం

ఈ రోజు యూనిట్ పని. విద్యుత్తు మెయిన్ ఆపి, ఫ్యాన్‌ను బయటికి తీసి, దాని రెక్కల వంపుల్లో గట్టిపడిన మట్టిని కుంచెతో గీకారు. రెక్క వంపు నిండిపోతే ఫ్యాన్ అదే వేగంతో తిరిగినా గాలిని తక్కువగా తోస్తుందని మా విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పానో, ఆ వంపును మా ఇంట్లో కళ్లారా చూడడం ఇదే మొదలు. కాయిల్‌కు ఆమ్లం లేని నురుగు క్లీనర్ చల్లి, పావుగంట నాననిచ్చి, గాలి వచ్చే దిక్కుకు ఎదురు దిక్కు నుంచి తక్కువ ఒత్తిడి నీటితో కడిగారు. ఎక్కువ ఒత్తిడితో కొడితే అల్యూమినియం రెక్కలు వంగి దారి మూసుకుపోతుంది. మొదటి బకెట్టు నీళ్లు కాఫీ రంగులో వచ్చాయి, ఐదో బకెట్టు తేటగా వచ్చింది.

ట్రేను సబ్బునీళ్లతో తోమి, ఆరనిచ్చి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గుడ్డతో తుడిపించాం. అది విడిపోతే మిగిలేవి నీళ్లు, ప్రాణవాయువు మాత్రమే. పని జరిగినంతసేపు కిటికీలన్నీ తెరిచి ఉంచాం. గాజునూలు పట్టిన నాలుగడుగుల డక్టును విప్పి పారేసి, లోపల ఉత్త రేకు, బయట నైట్రైల్ రబ్బరు ఉండేలా కొత్త ముక్క చేయించాం. చప్పుడు కొంచెం పెరుగుతుందని ముందే చెప్పారు, పెరిగింది. అది నాకు సమ్మతమే.

డ్రెయిన్ గొట్టాన్ని మురుగు గొట్టం నుంచి వేరు చేసి, 75 మిల్లీమీటర్ల లోతున్న యూ ట్రాప్ పెట్టించి, చివరను బాల్కనీ అంచున పూలకుండీ మీదికి వదిలించాను. ఫ్యాన్ పీల్పు నీటి మట్టంలో 25 మిల్లీమీటర్లు ఉన్నదనుకుంటే ఆ లోతు చాలినంత ఉన్నది. చలికాలంలో ట్రాప్‌లో నీరు ఆవిరై అడ్డు తొలగిపోతుంది కనుక, ఏటా ఫిబ్రవరిలో ఏసీ వేయకముందు ట్రేలో ఒక చెంబు నీళ్లు పోయాలి. సాయంత్రం వేసి చూస్తే వాసన లేదు. అమ్మ గది గ్రిల్ దగ్గర గాలి వేగం శుద్ధికి ముందు సెకనుకు 1.4 మీటర్లు ఉండేది, ఇప్పుడు 2.3.

మార్చి 23, ఆదివారం

అసలు పని ఈ వారంలో జరిగిందని నా అభిప్రాయం. రేకు పని చేసే స్థానిక మేస్త్రీతో, గాలి తిరిగి వెళ్లడానికి పన్నెండడుగుల డక్టు వేయించి, ఫాల్స్ సీలింగ్ ఖాళీతో సంబంధం లేకుండా హాలు గ్రిల్‌ను నేరుగా యూనిట్‌కు కలిపాం. గ్రిల్‌ను వంటింటి తలుపు నుంచి హాలు అవతలి వైపుకు జరిపాం. లైట్ల సందులకు సీలెంట్ పూశాను, అగరుబత్తి పొగ ఇప్పుడు అక్కడ అటూ ఇటూ తిరుగుతున్నదే తప్ప పైకి వెళ్లడం లేదు.

ఫిల్టర్ దగ్గర చాలాసేపు లెక్క వేయవలసి వచ్చింది. ఫిల్టర్ ఎంత సన్నని కణాలను ఎంతమేరకు ఆపుతుందో చెప్పే అంకెను మెర్వ్ అంటారు. మెర్వ్ 13 ఫిల్టర్ 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య కణాల్లో కనీసం సగాన్ని ఆపుతుంది, మెర్వ్ 8 ప్రధానంగా 3 మైక్రాన్లకు మించినవాటిని ఆపుతుంది. పొగకు మెర్వ్ 13 కావాలి, కానీ మా యూనిట్ ఫ్యాన్‌కు అంత అడ్డును తోసే బలం లేదు. గాలి తగ్గితే కాయిల్ మీద మంచు కడుతుంది. అందుకని 1,200 × 600 మిల్లీమీటర్ల పెద్ద పెట్టె చేయించి, అందులో మడతల మెర్వ్ 8 ఫిల్టర్ పెట్టాం. అమ్మ గదికి మాత్రం విడిగా హెపా ప్యూరిఫయర్ కొన్నాను. ఓజోన్ విడుదల చేసే రకం ఎంత చవకగా వచ్చినా వద్దనుకున్నాను, ఓజోన్ ఊపిరితిత్తులకే చేటు.

కార్బన్ డయాక్సైడ్ కోసం, రోడ్డు వైపు కాకుండా వెనుక పెరటి వైపు గోడకు ఆరంగుళాల గొట్టం పెట్టి, ముందు ఫిల్టర్, చిన్న ఫ్యాన్, మూసుకునే తలుపు అమర్చి, కొత్త డక్టులోకి తాజా గాలిని వదిలాం.

మార్చి 30, ఆదివారం

ఉగాది. అమ్మ నిన్న హాలియా నుంచి వచ్చింది. పచ్చడి తిన్నాక ఆమె ఎదుటే ఏసీ వేశాను. మీటరు నా చేతిలో ఉన్నది, కళ్లు ఆమె మీద ఉన్నాయి. వేయక ముందు 39, పన్నెండు నిమిషాలకు 34, గంటకు 22. ఆమె సోఫాలోనే కూర్చొని ఉన్నది. కొంతసేపటికి, “ఆ వాసన వస్తలేదు బిడ్డా” అన్నది. ఇంతకన్నా పెద్ద ధ్రువపత్రం నాకు అక్కరలేదు, అయినా ఇన్‌హేలర్ వాడిన సమయాలను నెలపాటు రాయమని నా భార్యకు చెప్పాను.

మనవరాళ్ల గదిలో తెల్లవారుజామున కార్బన్ డయాక్సైడ్ 890. వంటింట్లో పోపు వేసినప్పుడు మాత్రం ఇప్పటికీ మీటరు 200 దాటుతున్నది. చిమ్నీని పోపు వేసే ముందే వేసి, దించాక పది నిమిషాలు ఆగి ఆపితే, ఆ పొగ హాలులోకి రావడం బాగా తగ్గింది.

ఏప్రిల్ 19, శనివారం

యాసంగి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. రోడ్డు అంచులన్నీ ధాన్యం కుప్పలే, రాత్రుళ్లు కొయ్యకాళ్లు తగులబెడుతున్న వాసన వస్తున్నది. నిన్న రాత్రి తొమ్మిదింటికి వరండాలో పీఎం 2.5 168 ఉన్నది. తాజా గాలి గొట్టం తలుపు మూసి, కిటికీలు బిగించి చూస్తే హాలులో 61, అమ్మ గదిలో ప్యూరిఫయర్ నడుస్తుండగా 17. హాలు అంకె నాకు తృప్తినివ్వలేదు. మెర్వ్ 8 పొగను ఆపదని లెక్క ముందే చెప్పింది, ఇప్పుడు మీటరు చూపింది. హాలుకు రెండో ప్యూరిఫయర్ కొనాలి.

నాలుగు వారాల ఫిల్టర్ విప్పి చూశాను. గాలి తగిలే ముఖం మట్టిరంగుకు తిరిగింది, వెనుక ముఖం తెల్లగానే ఉన్నది. మూడు నెలలు వస్తుందనుకున్నది ఈ కాలంలో రెండు నెలలకే మార్చవలసి వచ్చేలా ఉన్నది. ట్రేలో నీరు నిలవడం లేదు, పూలకుండీ తడుస్తున్నది. కెమెరాను హాలు డక్టులోకి పంపితే రేకు మెరుస్తున్నది.

ఈ నెలలో అమ్మ ఇన్‌హేలర్‌ను అత్యవసరంగా వాడినది ఐదుసార్లు. అందులో మూడు, పొలాల పొగ దట్టంగా ఉన్న రాత్రులు వరండాలో కూర్చున్నప్పుడే. ఫిబ్రవరి చివరి వారం ఒక్కదానిలోనే ఆరుసార్లు వాడినట్టు నా భార్య లెక్కలో ఉన్నది.

వెనుక పడకగదిలో పొర మిగిలిపోయిన ముడతల గొట్టాన్ని ఇంకా మార్చలేదు. కోతల పని తగ్గాక, వానలు పడకముందే రమ్మని రేకు మేస్త్రీకి చెప్పి ఉంచాను. కొత్త గొట్టం పన్నెండంగుళాలది, ఎనిమిదడుగులు కావాలి.